ఉద్యానవనమున పక్షుల ఛాయాచిత్రములు

పక్షుల ఫొటోలు తీయుట పురుషుల వినోదమనియు, మోయలేనంత లెన్సును భుజమున తగిలించుకొని అడవులవెంట తిరుగువారికే యది సాధ్యమనియు మన యిండ్లలో నొక యభిప్రాయము కలదు. నాకును అట్టి యభిప్రాయమే యుండెడిది. వైద్యులు ప్రొద్దున నడువవలెనని చెప్పుటచే నడక యారంభించితిని. నడచుచు పిట్టలను గమనించుట నేర్చితిని. గమనించినదానిని ఇంటికి తెచ్చుకొనవలెనను ఆశ పుట్టగా, మా అబ్బాయి వాడుక మాని బీరువాలో పడవైచిన కెమెరాను తుడిచి చేతబట్టితిని. అది మొదలు వంటింటి పనికి ముందు గంటన్నర కాలము నాదైనది. ఆ కాలమున నన్నెవ్వరును పిలువరు. పిలిచినను పలుకను.

నేను నడచునది హైదరాబాదు నగరమున బంజారా హిల్సు, జూబిలీ హిల్సు ప్రాంతమునందలి కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానవనము. జనులు దీనిని కె.బి.ఆర్. పార్కు అందురు. పేరు ఉద్యానవనమేగాని, మళ్లుకట్టి పెంచిన పూలమొక్కలకొఱకు వచ్చువారికి నిచట నిరాశయే. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన యీ 390 ఎకరాల భూమి దక్కను పీఠభూమి తొల్లి యెట్లుండెనో చాలవఱకట్లే యున్నది. పెద్ద పెద్ద గుండ్రాళ్లు, సీతాఫలపు పొదలు, ముండ్లచెట్లు, ఎండకాలమున కరకరలాడు ఎండుగడ్డి. నిజాము వంశీయుడగు ముకరంజా నివసించిన చిరాన్ మహలు దీని నడుమనే కలదు. వెలుపల మోటారుల రొద; లోపల నూఱడుగులు నడచునప్పటికి నెమలి కేక. ఇంత మహానగరము నడుమ ఇంతటి చోటు మిగులుట మన యదృష్టము.

గడచిన వేసవి తుదిని, మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు దినములైనను చినుకు రాలని యొకనాటి యుదయమున, సెలవులకు వచ్చిన మా మనుమరాలిని వెంటబెట్టుకొని పోయితిని. దానికి ఎనిమిదేండ్లు. కెమెరా తనకే యిమ్మని త్రోవపొడుగునను గోల. పిట్టయొద్దకు చేరునంతవఱకు నోరు మెదపనిచో ఇత్తునంటిని. దానికది సాధ్యమగునని నేననుకొనలేదు. అయినను పది నిమిషములు నిలుపుకొన్నది.

ఈ పనికి కావలసినవి నేననుకొన్నంత యెక్కువ కావు. చెట్టుమీది చిన్నపిట్ట పటము నిండుగా రావలెనన్న 400 మిల్లీమీటర్ల లెన్సు మేలు. చేతిలోని ఫోనుతో తీసిన పిట్ట ఆవగింజంత పడును. కాని యుదయము సూర్యుడు మన వీపువైపు నుండునట్లు నిలుచుట, పిట్ట కంటిపై దృష్టి నిలుపుట, తొందరపడకుండుట, ఈ మూడును డబ్బుపెట్టి కొనునవి కావు. కన్ను స్పష్టముగా పడినచో తోక మసకగానున్నను చూచువారు క్షమింతురు; కన్ను మసకబారినచో తక్కినదెంత చక్కగానున్నను ఆ బొమ్మ నిర్జీవము. పిట్ట క్షణమైనను కుదురుగా నుండదు గనుక సెకనులో 1000వ వంతు కాలము మాత్రమే వెలుతురు లోనికి పోనిత్తును. ఏడుగంటలు దాటి యెండ తెల్లబడినచో, జెముడుకాకి వంటి నల్లనిపిట్ట బొగ్గుముద్దవలెను, కొంగ సున్నపుముద్దవలెను వచ్చును. అప్పుడిక కెమెరాను సంచిలో పెట్టి నడక మాత్రము సాగించుట మంచిది.

మఱియొక మాట. మన చీరల విషయము ఏ పుస్తకమునను వ్రాయరు. మట్టిరంగు గాని, ఆకుపచ్చ గాని నేతచీర యుత్తమము. ఫెళఫెళలాడు గంజిచీర కట్టుకొని పోయిననాడు నాకొక్క పిట్టయును దక్కలేదు. గాజులు మోచేతి దాపునకు త్రోసి రుమాలు చుట్టుకొందును. పెరుగు చిలుకునప్పుడు చేయి కుదురుగా నిలుపుట తెలిసినవారికి కెమెరా నిలుపుట కష్టము గాదు.

ద్వారము దాటినవెంటనే ఒక బండమీద మగనెమలి పురివిప్పి యాడుచుండెను. ఇరువదిమంది ఫోన్లెత్తి నిలిచియుండిరి. మన జాతీయపక్షిగా 1963లో ఎన్నుకొనబడిన యీ పక్షి వానకాలము ముందు నిండు పురితో నుండును; వర్షర్తువు గడచునప్పటికి ఆ పొడుగాటి యీకలన్నియు రాలిపోవును. ఆ నీలిరంగు కుంచెతో పూసిన రంగువంటిది కాదు. ఈకలోని మిక్కిలి సన్నని అల్లికపై వెలుతురు పడి విఱుగుటచే కలుగునది. కాబట్టియే మనము రెండడుగులు ప్రక్కకు జరిగినచో ఆకుపచ్చ నీలమగును, నీలము రాగియగును. ఫొటో తీయువారు నిలిచినచోటనే నిలువక చుట్టు తిరిగి చూడవలెను.

అయితే నేను చుట్టు తిరుగునప్పుడు కనబడినది వేఱొకటి. బండ వెనుక పొదనీడను ఆడునెమలి తన పిల్లలను వెంటనిడుకొని చీమలను చూపి తినుట నేర్పుచుండెను. నాలుగు గాని ఆఱు గాని గ్రుడ్లు పెట్టి, 28 దినములు ఒంటరిగా పొదిగి, పిల్లలను పెంచునది అదియే. ఆడు ఆ ఘనుడు ఆ పనిలో వ్రేలైనను పెట్టడు. ఇరువదిమందిలో నొక్కరును ఆమెవైపు తిరుగలేదు. ఆమె రంగు మట్టిరంగు గదా! ఆ యుదయమున నేను మొదట తీసిన ఛాయాచిత్రము ఆమెదియే. పిల్లలు నాలుగు, ఒకటి తల్లి కాళ్లసందునుండి తొంగిచూచుచున్నది. మా యింట ఆ పటమును చూచిన పురుషులందఱును "మగనెమలి దొరకలేదా?" అని యడిగిరి.

అటుమీద దారికడ్డముగా మట్టిరంగు పిట్టలు ఎనిమిదో తొమ్మిదో ఒకదాని వెనుక నొకటి గెంతుచు, కిచకిచలాడుచు పోయినవి. వీనిని హిందీవారు "సాత్ భాయీ" యందురు, అనగా ఏడుగురన్నదమ్ములు. ఆంగ్లేయులు ఏడుగురక్కచెల్లెండ్రందురు. ఆ పిట్టల యరుపు విన్నవారిలో నెవరు ఎవరిని తలచుకొని పేరుపెట్టిరో చెప్పనక్కఱలేదు. ఉమ్మడి కాపురము వీనిది. ఒక గూటి పిల్లలకు గుంపులోని పెద్దలందఱును మేత తెచ్చి పెట్టుదురు. ఆ మంచితనమును కనిపెట్టియే కాబోలు, చాతకపక్షి తన గ్రుడ్డును వీని గూటిలో పెట్టిపోవును. చాతకపు గ్రుడ్డు సరిగా వీని గ్రుడ్డువలెనే నీలముగా నుండును.

చాతకమనగా కవులు వానచినుకు తప్ప మఱియేమియు త్రాగదని చెప్పిన పక్షియే. నలుపు తెలుపు వన్నెలు, నెత్తిన కుచ్చు. ఉత్తర హిందూస్థానమునకు వచ్చు చాతకములు నైరృతి గాలులవెంట ఆఫ్రికా ఖండమునుండి సముద్రము దాటి చేరును. అందుచేతనే దాని రాక వాన రాకకు గుర్తుగా పేరుపొందినది. నేను రెండేండ్లుగా దానికై కాచుకొని, ఆనాడు ఒక తుమ్మకొనమీద చూచితిని. గుండె దడదడలాడెను. మనుమరాలు నోటికి చేయి అడ్డుపెట్టుకొని నిలిచెను. తీసిన పటమును ఇంటికిబోయి పెద్దదిగా చేసి చూచునప్పటికి, ఆ పక్షి నోట వానచినుకు గాదు, వెండ్రుకలతోడి గొంగళిపురుగు! దానికి గొంగళిపురుగులే ప్రియమైన భోజనము. కవుల చాతకమునకు కలిగిన యీ లోటునకు నేను బాధ్యురాలను గాను.

ఈ నగరపు పరిసరముల పక్షులను గూర్చి నేడు మనకింత తెలియుటకు ముఖ్యకారకుడు సలీం అలీ. ఆయన 1931-32లో నిజాం రాజ్యమంతట తిరిగి పక్షుల లెక్క సిద్ధపఱచెను. ఆయన భార్య తెహమీనా గుడారములలో ఆయనతో గూడ నుండెను. ఆయన వ్రాసిన "ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్" 1941లో వెలువడి, నేటికిని పిట్టలను చూచువారికి పెద్దబాలశిక్షవలె నున్నది. ఆ దినములలో పక్షి ఏదియో తేల్చుటకు తుపాకితో కొట్టి, చర్మము నొలిచి ప్రదర్శనశాలకు పంపుట శాస్త్రజ్ఞుల మామూలు. తుపాకి స్థానమున కెమెరా వచ్చినది గదా, ఇక పిట్టకేమి హాని యని మనమెల్లరము తలతుము.

కెమెరా చేసిన మేలు నిజముగా గొప్పది. ఇంగ్లండులో రిచర్డు, చెఱీ కియర్టను అను అన్నదమ్ములు 1892లో పిట్టగూటి ఫొటో తీసి యీ విద్యకు నాంది పలికిరి. బోలుగానున్న యొక యెద్దు బొమ్మను చేయించి, దానిలో దూరి కూర్చుండి పక్షులను తీయుట వారి యుపాయములలో నొకటి. ఆ తరువాతిదగు ఎమ్మా లూయిసా టర్నరు కథ మన సోదరీమణులు తప్పక తెలిసికొనదగినది. ఈమె నార్ఫోక్ సీమలోని జలాశయములమీద ఒక యింటి పడవలో నివసించుచు, రెల్లుపొదలనడుమ మఱుగున కూర్చుండి నీటిపక్షులను తీసెను. బిటర్ను అను రెల్లుకొంగ బ్రిటను దేశమున గూడుకట్టుట మానివేసి యేండ్లు గడచినవి. 1911లో ఆమె దాని పిల్లను కనుగొని తీసిన చిత్రమే ఆ పక్షి మరల ఆ దేశమున సంతానము కనుచున్నదనుటకు సాక్ష్యమైనది. అందులకు ఆమెకు స్వర్ణపతకము లభించెను. మన దేశమున జమాల్ ఆరా అను విదుషీమణి రాంచీ ప్రాంతపు పక్షులను గూర్చి యేండ్లతరబడి వ్రాసి, 1970లో పిల్లలకొఱకొక పక్షుల పుస్తకము వెలువరించెను. కాబట్టి ఇది మగవారి వేడుక యను మాట పొసగదు.

ఇంతవఱకు వ్రాసినది సంతోషముతో వ్రాసితిని. ఇక వ్రాయవలసినది అట్టిది కాదు.

చాతకమును చూచిన తరువాత మేము రాతినేలమీదుగా మఱలుచుండగా, తలమీద హఠాత్తుగా నొక యరుపు. కాళ్లు పొడుగుగా, కన్నులయెదుట ఎఱ్ఱని తోలు తునకతో, నల్లని గొంతుతో నొక పక్షి మా తలలను తాకునట్లు దిగి, మరల ఎగసి, గోల పెట్టుచుండెను. అది తీతువు. రాత్రివేళ తీతువు ఇంటిమీద నఱచినచో కీడనియు, పసిపిల్లలున్న యింట మఱింత కీడనియు మన పెద్దలు భయపడుదురు. మా అమ్మ తీతువు కూత విన్నచో ఉయ్యాలలోని బిడ్డను తీసి పమిటలో దాచుకొనెడిది. ఆ పక్షి యఱచునది తన బిడ్డలకు భయపడియే యని మాకెవరును చెప్పలేదు. శకునములవలన పిట్టలు పడు పాట్లిన్నిన్ని కావు. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని, తెలంగాణమునకు రాష్ట్రపక్షియైన దానినే వలపన్ని పట్టి, కాళ్లు కట్టి పంజరములో త్రిప్పి రూపాయలు తీసికొనువారున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నేరమని చెప్పుచున్నను, చూచువారున్నంతకాలము చూపువారుందురు.

"అమ్మమ్మా, అవిగో!" యని మనుమరాలు చేయి చాపెను. మాకు పదడుగుల దూరమున, గులకఱాళ్ల నడుమ చిన్న గుంట. అందు నాలుగు గ్రుడ్లు, సన్నని కొనలన్నియు లోపలికి కూడునట్లు. రాళ్లరంగే గ్రుడ్లరంగు, ఆ పిల్ల కన్నులు గాకున్న నాకు కనబడి యుండవు. వెలుతురు ప్రక్కనుండి చక్కగా పడుచుండెను. తల్లిపిట్ట కాస్త దూరమున దిగి, రెక్కలు వేలవైచి, మమ్ము అటు పిలుచుకొని పోవుటకు ప్రయత్నించుచుండెను. మోకాలిమీద కూర్చుండి రెండు నిమిషములు కదలకున్నచో అది గ్రుడ్లకడకు వచ్చును. అట్టి చిత్రము ఏ పత్రికవారైనను సంతోషముతో ముద్రింతురు.

నేను దానిచేయి పట్టుకొని వెనుకకు నడచితిని.

"తీయవేమి? నీ కోసమే చూపితిని గదా!" యని దానికి కోపము వచ్చెను. అప్పుడు ఒక బండనీడను కూర్చుండబెట్టి, ఇంతవఱకు ఇంటిలో నెవరికిని చెప్పని సంగతి దానికి చెప్పితిని.

కెమెరా పట్టిన తొలియేట మా పెరటి నిమ్మచెట్టున పికిలిపిట్టలు గూడు కట్టినవి. మూడు గ్రుడ్లు, గులాబిరంగుమీద ఎఱ్ఱని చుక్కలు. పండ్రెండు పదుమూడు దినములకు పిల్లలు వెలువడినవి. ఆకుల చాటున వెలుతురు చాలక నేను రెండు కొమ్మలను దారముతో ప్రక్కకు లాగి కట్టితిని. ఎంత చక్కగా వచ్చినవి బొమ్మలు! మూడెఱ్ఱని నోళ్లు, తల్లినోట పురుగు. నలువది బొమ్మలు తీసి, ప్రొద్దు క్రుంకినందున కట్లు విప్పుట మఱచి వంటింటిలోనికి పోయితిని. తెల్లవాఱి చూచితిని గదా, గూడు ఖాళీ. కాకియో, జెముడుకాకియో తెలియదు. కొమ్మలడ్డముగా నున్నన్నినాళ్లు కానరాని గూటిని నేనే తెఱచి చూపితిని. తల్లిపిట్ట నోట పురుగు పట్టుకొని మధ్యాహ్నమువఱకు ఆ చెట్టుచుట్టు తిరిగెను. అదియును కెమెరాకు అందునంత దగ్గఱనే. ఆ నలువదింటిలో నొకదానిని మా అబ్బాయి అద్దము కట్టించి హాలులో తగిలించెను. వచ్చినవారెల్లరు మెచ్చుకొనెడివారు. గోడకు సున్నము వేయించునప్పుడు దానిని దింపి మరల తగిలింపలేదు. ఎందులకని వారడుగలేదు, నేను చెప్పలేదు.

మనుమరాలు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఇక్కడ మనము కొమ్మలు కట్టలేదు గదా?" యని యడిగెను. మంచి ప్రశ్న. ఆ గ్రుడ్లకు కొమ్మ లేదు, నీడ లేదు. మండుటెండలో తీతువు గ్రుడ్లమీద నిలిచి తన దేహముతో నీడపట్టును. నీటికిబోయి పొట్టయీకలు తడుపుకొని వచ్చి గ్రుడ్లను చల్లబఱచును. మృగశిర వచ్చినను రోహిణి యెండ వదలని ఆ దినములలో తల్లిని మనము కొంతసేపు దూరముంచినచో, ఆ రాళ్లమీద గ్రుడ్లు ఉడికిపోవుటకు వేఱు నిప్పు అక్కఱలేదు. మనము చేయి వేయకున్నను, మనము నిలుచుటయే చాలును. పైగా ఇద్దఱు మనుష్యులు నేలవైపు వంగి చూచుచున్నచో, అచట నేమున్నదో యని కాకి కనిపెట్టును. కుక్క మన యడుగుల వాసన పట్టి పోవును.

గూటియొద్ద ఫొటో తీయరాదని నేడు పక్షిప్రేమికుల సంఘములవారు చాలమంది చెప్పుచున్నారు. ఫోనులో పిట్టకూతను వినిపించి పిట్టను పిలుచుట, పగటివేళ తొఱ్ఱలో నిదురించు పైడికంటెపై మెఱపు దీపము వేయుట, ఇవియును తగవనుచున్నారు. కూత విన్న మగపిట్ట తన చోటికి శత్రువు వచ్చెనని తలచి, మేత మాని, లేని పగవానిని వెదకుచు తిరుగును. మనకు బొమ్మ వచ్చును, దానికి పూటభోజనము పోవును. కియర్టను సోదరులకు, టర్నరుకు గూటియొద్దనే పని జరిగినది. ఆనాటి లెన్సులకు దూరముననుండి తీయు శక్తి లేదు. మనకా సాకు లేదు.

మేము కూర్చున్న బండకును గ్రుడ్లకును నూఱు గజములుండును. ఏడు నిమిషములకు తీతువు వచ్చెను. నేరుగా రాలేదు. నాలుగడుగులు పరుగెత్తి, నిలిచి, ఏమియు నెఱుగనిదానివలె నటునిటు చూచి, మరల నాలుగడుగులు. చివరకు గుంటకడ చేరి, ఈకలు సడలించి, రొమ్ముతో గ్రుడ్లను సవరించుకొని కూర్చుండెను. అప్పుడు కెమెరాను మనుమరాలి చేతికిచ్చితిని. అది ఊపిరి బిగబట్టి ఒక్కటి తీసెను. బొమ్మ నిండ గులకఱాళ్లు, ఎండుగడ్డి; నడుమ గోధుమరంగు చుక్క యొకటి. ఇంటికిబోయి అందఱకును చూపగా, "ఇందులో పిట్ట యేది?" యని వారు, వ్రేలుపెట్టి చూపుచు ఇది.

సెలవులైపోయి అది తన యూరు వెళ్లుటకు ముందు, నాలుగు వారముల పిమ్మట, మరల అచటికి పోయితిమి. వానలు పడి గడ్డి మొలిచినది. దూరముననుండియే చూచితిమి, గుంటలో గ్రుడ్లు లేవు. తీతువు పిల్లలు పుట్టిన కొన్నిగంటలకే గూడు విడిచి తల్లివెంట నడచును గనుక, పొదిగినవో, ఎవరైన తినిపోయిరో గుంటను చూచి చెప్పుటకు వీలు లేదు. మేము నిలిచియుండగా గుండ్రాళ్ల ఆవలినుండి ఆ యరుపే వినబడెను. పక్షి లేచి మావైపు వచ్చి, తలమీద చుట్టు తిరిగి, కోపముతో నఱచెను.

"తిట్టుచున్నది, అమ్మమ్మా! పిల్లలున్నవి కాబోలు" అని మనుమరాలు మెల్లగా అనెను.

కెమెరా సంచిలోనే యుండెను. మేము ఆ దారి విడిచి, మహలు వైపుగా చుట్టుతిరిగి యిల్లు చేరితిమి.